ఖాళీ స్థలాలలో పరదేశపు కలుపు

విశాఖపట్టణం మొదట రేవు పట్టణం, తరువాత ఉక్కు నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైనది. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడినది. ఆనాటి నుండి గాజువాక పరిసరాల పొలాలు ఒక్కొక్కటిగా ఇండ్ల స్థలాలుగా మారుతూ వచ్చినవి. అయితే స్థలం కొన్నవారందరూ ఇల్లు కట్టలేదు. కొందరు గల్ఫ్ దేశాలలో ఉద్యోగాలు చేయుచున్నారు. కొందరి స్థలాలకు అన్నదమ్ముల వాటాలు తేలలేదు. మరికొందరు ధర పెరుగునని వేచియున్నారు. యజమాని రాని స్థలానికి వేరొక యజమాని వచ్చును. ఆ వచ్చినవారిలో ముఖ్యులు ముగ్గురు: వయ్యారిభామ, పులికంప, సర్కారు తుమ్మ. ముగ్గురి పుట్టినిల్లూ అమెరికా ఖండమే.

పరదేశం నుండి వచ్చినంత మాత్రాన ఏ మొక్కా శత్రువు కాదు. మన కూరలోని మిరపకాయ, పెరటిలోని బొప్పాయి, విశాఖ కొండవాలులలోని జీడిమామిడి కూడా అక్కడి నుండి వచ్చినవే. వాటిని మనిషి పెంచుచున్నాడు, పశుపక్ష్యాదులు తినుచున్నవి. పై మూడింటి సంగతి వేరు. పుట్టిన చోట వాటిని అదుపులో ఉంచిన పురుగులు, తెగుళ్ళు వాటి వెంట ఓడ ఎక్కలేదు. అందువలన ఇక్కడ వాటి విస్తరణకు అడ్డు లేకపోయినది.

పులికంప, అనగా లాంటానా, రంగురంగుల పూల కొరకు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి తేబడినది. దాని నల్లని చిన్న పండ్లను పికిలిపిట్టలు తిని, విత్తనాలను చెట్ల క్రింద, కంచెల వెంబడి జారవిడుచును. ఆకు తిన్న పశువుకు కాలేయం చెడును. సర్కారు తుమ్మ కథ మన రాష్ట్రానికి మరింత దగ్గరిది. వంటచెరకు కొరత తీర్చుటకై అటవీశాఖవారు దాని విత్తనాలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించిరి. దాని తియ్యని కాయలను మేకలు, పశువులు తినును. విత్తనం చెడక పేడతో బయటపడి, ఎరువుతో సహా మొలకెత్తును. అంతకు మించిన సాగుబడి ఏ రైతు చేయగలడు?

వయ్యారిభామను 1955లో పూనా సమీపాన గుర్తించిన పిమ్మట దేశమంతా దాని పేరు మారుమ్రోగినది. అమెరికా గోధుమలతో పాటు వచ్చినదని లోకప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్దిలోనే ఈ మొక్క మన దేశంలో ఉన్నట్లు వృక్షశాస్త్రజ్ఞుల రికార్డులు చూపుచున్నవి కాబట్టి నేరమంతా గోధుమల మీద మోపుట న్యాయం కాదు. ఒక్క మొక్క వేలకొలది విత్తనాలు రాల్చును. మొలిచిన నెలరోజులకే పూతకు వచ్చును. దానిలోని పార్థెనిన్ అను పదార్థం వలన చర్మంపై దురద, పొక్కులు కలుగును. పుప్పొడి వలన తుమ్ములు, ఉబ్బసం కలుగును. ప్రక్క ప్లాటులో నివసించు కుటుంబం తాము చేయని అపరాధానికి ఈ బాధ అనుభవించవలసి వచ్చుచున్నది. పొదలలో చేరు పాములు, పారవేసిన కొబ్బరి చిప్పలలో పెరుగు దోమలు దీనికి అదనం.

తన స్థలం తన ఇష్టమని యజమాని అనవచ్చును. కాని విత్తనానికి సరిహద్దురాయి తెలియదు. ఈ సూక్ష్మం పాత ప్రభుత్వాలకు కూడా తెలియును. విశాఖపట్టణం మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1919లో వచ్చిన వ్యవసాయ చీడపీడల చట్టం హానికరమైన కలుపును తొలగించు బాధ్యతను భూమి అనుభవించువాని మీదనే ఉంచినది. అతడు చేయనిచో అధికారులు చేయించి ఖర్చు రాబట్టుకొనవచ్చునని కూడా చెప్పినది. కర్ణాటక ప్రభుత్వం 1975లో వయ్యారిభామను ఇట్టి కలుపుగా ప్రకటించినది.

ఇక తొలగించు విధానం. మన నగరంలో సాధారణంగా జరుగునది ఏమనగా, యజమాని ఏడాదికొకసారి వచ్చి, కూలీలచే పొదలు నరికించి, నిప్పు పెట్టించి వెళ్ళును. చూచుటకు స్థలం శుభ్రమైనట్లుండును. రెండు వానలు పడగానే నరికిన ప్రతి మోడు నుండి పది కొమ్మలు లేచును. పులికంపకు చిగురించు శక్తి కాండము, వేరు కలియు చోట ఉన్నది. ఆ చోటికి దిగువన, మట్టిలో రెండు మూడు అంగుళాల లోతున తల్లివేరును గునపంతో తెగగొట్టి, పొదను ఎత్తి తలక్రిందులుగా పెట్టి ఎండనీయవలెను. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు ప్రచారంలోనికి తెచ్చిన పద్ధతి ఇదే. మందులు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. సర్కారు తుమ్మకు కూడా మొదలు త్రవ్వి వేరుగడ్డ తీయవలసినదే. శ్రమ మాత్రం ఎక్కువ.

వయ్యారిభామను పూతకు ముందే, వాన పడి నేల మెత్తబడినప్పుడు, వేరుతో పీకవలెను. చేతికి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసమున్న విద్యార్థిని ఎంత ఉత్సాహవంతుడైనను ఈ పనికి పంపరాదు. ఈ విషయంలో జాతీయ సేవా పథకం నిర్వాహకులు కఠినంగా ఉండుట మేలు. పూత పూసిన మొక్కలను పీకి ఊపుకొనుచు మోసుకొనిపోయినచో విత్తనాలు చల్లినట్లే అగును. 1984లో బెంగుళూరులో మెక్సికో దేశపు పెంకుపురుగును ఈ మొక్కపై విడిచిరి. అది వానకాలంలో ఆకులు తినివేయును గాని ఎండకాలంలో నేలలో దాగి నిద్రించును. కనుక దానిపైననే భారం వేయలేము. 1926లో సింహళం నుండి వచ్చిన కోచినీలు పురుగు దక్షిణదేశంలో నాగజెముడు డొంకలను తినివేసిన విజయం అన్ని మొక్కల విషయంలో లభించలేదు.

సింహాచలం, కంబాలకొండ దిగువన వాలుగా ఉన్న స్థలాలలో మరొక జాగ్రత్త అవసరం. పొదలన్నీ ఒకేసారి తీసినచో ఎర్రమట్టి మొదటి తుఫానుకే కాలువలలోనికి కొట్టుకొనిపోవును. వాలుకు అడ్డంగా పట్టీలు పట్టీలుగా తీయుచు, బాగుగా ఎండిన కంపను అడ్డుకట్టగా పరచవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొండలపై చెట్లను కూల్చినది. ఇట్లు నీడ తొలగి ఎండ పడిన చోటులే పులికంపకు అనుకూలములు.

తీసిన చోటును ఖాళీగా వదలుట తీయకుండుటతో సమానం. ఇల్లు కట్టు ఉద్దేశమున్న ప్లాటులో తొలకరికి జనుము చల్లుట చౌకైన ఉపాయం. మన ప్రాంతపు రైతులకు అది తెలిసిన పైరే. దట్టంగా లేచి కలుపును అణచివేయును. కట్టు ఆలోచన లేనివారు కానుగ, వేప, నేరేడు నాటవచ్చును. నేలలో మిగిలిన విత్తనాలు కొన్ని సంవత్సరాల వరకు మొలుచుచునే ఉండును గనుక మొదటి వానకాలంలో నెలకొకసారియైనా చూచుకొనవలెను.

విద్యార్థులు ఈ పనికి పూనుకొనునప్పుడు యజమాని వద్ద వ్రాతమూలకమైన అనుమతి పొందుట, సరిహద్దు రాళ్ళను ఫొటో తీసి ఉంచుట మరువరాదు. వాటాల తగవు ఉన్న స్థలంలో గునపం వేసినచో, మొక్క కొరకు వచ్చితిమని చెప్పినను నమ్మువారుండరు. సర్కారు తుమ్మ కట్టెలతో పొయ్యి వెలిగించు పేద కుటుంబాలు చుట్టుప్రక్కల నేటికీ కలవు. నరికెడు దినం వారికి ముందుగా తెలిపినచో కట్టె వారికి దక్కును, మోత కూలి యజమానికి మిగులును.