గీత పైనుంచి, పేరు ఊళ్లోంచి

2010 జనవరి 12 సాయంత్రం 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపం హైతీ రాజధాని పోర్టోప్రిన్స్‌ను నేలమట్టం చేసింది. ప్రపంచం నలుమూలల నుంచీ సహాయ బృందాలు బయల్దేరాయి. తీరా దిగాక వాళ్లకు తిండీ మందుల కొరతతో పాటు ఇంకో చిక్కు ఎదురైంది: ఏ వీధి ఎటు పోతుందో చెప్పే పటం లేదు. ఎవరైనా చేర్పులు చేయగలిగిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ నగరానికి అప్పటికి ఉన్నవి ప్రధానమైన రోడ్లు కొన్నే.

ఉపగ్రహ చిత్రాలు తీసే సంస్థలు తమ తాజా ఫొటోలను వాడుకోనిచ్చాయి. దాంతో హైతీలో ఎన్నడూ కాలు పెట్టని వందలమంది తమ ఇళ్లలో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఫొటోలో కనిపించే దారి వెంబడి మౌస్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. అవి కలిసి గీత అవుతాయి. అది రోడ్డో కాలిబాటో రాయాలి. కూలిన భవనానికీ, గుడారాలు వెలిసిన ఖాళీ స్థలానికీ గుర్తు పెట్టాలి. ఇలా కొద్ది రోజుల్లోనే నగరంలోని సందుగొందులు కూడా పటానికెక్కాయి. రక్షణ సిబ్బంది ఆ పటాన్ని చేతిలోని జీపీఎస్ పరికరాల్లోకి ఎక్కించుకుని తిరిగారు.

అదే సమయంలో బాధితులు 4636 నంబరుకు ఎస్సెమ్మెస్‌లు పంపుతున్నారు. అవి వాళ్ల క్రియోల్ భాషలో ఉండేవి. ఫలానా బడి వెనక, ఫలానా పేట దగ్గర అని ఊరివాళ్లు చెప్పుకునే గుర్తులతో ఉండేవి. ఉపగ్రహానికి బడి కప్పు కనిపిస్తుంది గానీ బడి పేరు కనిపించదు. ఆ సందేశాలను అనువదించి, ఏ చోటి నుంచి వచ్చాయో పోల్చుకున్నది విదేశాల్లో ఉంటున్న హైతీవాళ్లు. కెన్యాలో 2008లో పుట్టిన ఉషాహిది అనే వేదిక ఆ మొరలను పటం మీద చుక్కలుగా చూపింది. ఆకాశం నుంచి తీసిన చిత్రం, నేల మీది మనిషికి తెలిసిన పేరు ఒకచోట కలిసినప్పుడే పటం మనిషిని చేరడానికి పనికొచ్చింది. ఇంటర్నెట్‌తో, మొబైల్‌తో పటాల పనిలో వచ్చిన అసలు మార్పు ఇదే.

పటం మీద సమాచారాన్ని పొరలు పొరలుగా పేర్చే విధానాన్ని జీఐఎస్ అంటారు. భౌగోళిక సమాచార వ్యవస్థ అన్నమాట. ఒక పొరలో రోడ్లు, ఒక పొరలో చెరువులు, ఇంకో పొరలో సర్వే నంబర్ల హద్దులు. వాటిని ఒకదాని మీద ఒకటి పెడితే, ఏ చెరువు శిఖంలో ఎన్ని ఇళ్లు లేచాయో ఇట్టే తెలుస్తుంది. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ ఈ పని మొదలుపెట్టినప్పుడు దానికి పెద్ద పెద్ద కంప్యూటర్లు, ప్రభుత్వ నిధులు కావాల్సి వచ్చాయి.

వెబ్ దాన్ని ఇంటింటికీ తెచ్చింది. మ్యాప్ తెరిచినప్పుడు మొత్తం పటం మన ఫోన్‌లోకి రాదు. భూమినంతా చదరపు ముక్కలుగా కోసి సర్వర్‌లో ఉంచుతారు. బాగా దూరం నుంచి చూస్తే ప్రపంచమంతా ఒకే ముక్క. ఒక మెట్టు దగ్గరకు జరిపితే నాలుగు, ఇంకో మెట్టుకు 16. వీధులు కనిపించే 18వ మెట్టుకు వచ్చేసరికి అవి సుమారు 6,870 కోట్ల ముక్కలవుతాయి. మన తెరకు అవసరమైన కొన్నిటినే సర్వర్ పంపుతుంది. అందుకే అంత పెద్ద పటం మామూలు ఫోన్‌లో కూడా చకచకా కదులుతుంది.

ఇక ఫోన్ చేసే పని వేరు: మనం ఎక్కడున్నామో చెప్పడం. అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెట్టిన తేడాను 2000 మేలో తీసేసింది. ఫోన్ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తానెక్కడుందో లెక్క కడుతుంది. బయలు ప్రదేశంలో తేడా ఐదు మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. మేడల మధ్య, దట్టమైన చెట్ల కింద అది పెరిగిపోతుంది. సిగ్నల్ లేని అడవిలోనైనా ఓపెన్ డేటా కిట్ లాంటి యాప్‌లో వివరాలు నింపుకుని, నెట్ దొరికిన చోటికి వచ్చాక పంపేయవచ్చు.

మన దేశానికొస్తే, హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఇస్రో తరఫున ఉపగ్రహ చిత్రాలు అందుకుని, పంచే సంస్థ. దేశీయ పటాల వేదిక ‘భువన్’ను ఇస్రో 2009లో తెచ్చింది. ఉపాధి హామీ పనుల ఫొటోలు చేరింది అందులోకే. సేద్యపు కుంట తవ్వారంటే సిబ్బంది దాని గట్టు మీద నిలబడి ఫోన్‌తో ఫొటో తీయాలి. అక్షాంశ రేఖాంశాలు దానితోపాటే నమోదవుతాయి. 2017 నవంబరు నుంచి, పని మొదలుకాక ముందు, నడుస్తుండగా, పూర్తయ్యాక ఇలా మూడుసార్లు తీయాలన్నారు. కుంట కాగితం మీదే ఉందా, నేల మీద కూడా ఉందా అని ఊళ్లో ఎవరైనా చూసుకునే వీలు కలిగింది. ప్రజల డబ్బుతో చేసిన ప్రతి పనికీ ఈ వీలుండాలి.

అయితే అన్ని జాడలూ అందరికీ కనిపించడం మంచిది కాదు. పరుగులు, సైకిల్ సవారీలు నమోదు చేసే స్ట్రావా సంస్థ తన వాడుకదారుల దారులన్నీ కలిపి ఒక పటంగా విడుదల చేసింది. ఎడారుల మధ్య సైనిక స్థావరాల్లో జవాన్లు పరిగెత్తిన బాటలు అందులో మెరుస్తున్నాయని 2018 జనవరిలో బయటపడింది. ఎవరి పేరూ లేకపోయినా దారే గుట్టు విప్పింది. లొకేషన్ అడిగే ప్రతి యాప్‌కూ సరేననే ముందు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇందుకు భిన్నంగా, తప్పక కనిపించాల్సినవి కనిపించకపోవడం మన దగ్గర పెద్ద లోటు. ప్రధాన గ్రామం పటంలో ఉంటుంది. దాని శివారు తండా, గుట్ట వెనక గూడెం చాలాసార్లు ఉండవు. ఉన్నా పేరుండదు, లేదా పేరు తప్పుగా ఉంటుంది. రాత్రివేళ అంబులెన్స్ కోసం 108కు ఫోన్ చేసినవాళ్లు దారి నోటితో చెప్పాల్సిందే. ఈ ఖాళీని పూరించడానికి సర్వేయరే రానక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిస్తే తండాను, దాని దారిని, చేతిపంపును ఎవరైనా చేర్చవచ్చు. పేరును తెలుగులో రాయడానికి ప్రత్యేకంగా చోటుంది. స్ట్రీట్‌కంప్లీట్ అనే ఆండ్రాయిడ్ యాప్ అయితే పటం గీయడం రానివారికీ పనికొస్తుంది. ఊళ్లో నడుస్తున్నప్పుడు అది చుట్టుపక్కల వివరాలే అడుగుతుంది: ఈ రోడ్డు తారుదా, మట్టిదా? ఈ వీధికి పేరుందా? రాత్రి దీపాలు వెలుగుతాయా? అక్కడ ఉండేవాళ్లకు జవాబులన్నీ తెలుసు.