పూరేకైన లోహపు రేకు

తెలుగులో 'రేకు' అను మాటకు రెండర్థములు కలవు. తామరపూవులోని దళమును రేకే. కంసాలి కత్తిరించు రాగి తగడును రేకే. పలుచని లోహముతో పూవులు చేసి శుభాకాంక్షల అట్టలపైనను, ఇతర కాగితపు అలంకరణలలోను అమర్చు చేతిపనిలో ఈ రెండర్థములును ఒక్కటగును.

ఈ పని క్రొత్తగా మొదలుపెట్టిన విద్యార్థికి తరచుగా ఒక చిక్కు ఎదురగును. మొదట వంచినపుడు రేకు సులభముగా లోబడును. వంపు నచ్చక రెండు మూడు మారులు సరిదిద్దబోయినచో మొండికెత్తును. ఇంకను బలవంతపెట్టినచో మొదలు దగ్గర పుటుక్కున విరుగును. ఒక్క రేకు విరిగిన పూవంతయు చెడును. ఇది చేతి దోషము మాత్రమే కాదు, లోహపు స్వభావము. దానిని ఎరిగినచో విరుగకముందే జాగ్రత్తపడవచ్చును.

కాగితము చేయలేని పని

పూవులను కాగితముతోనే చేయవచ్చును గదా, లోహమేల? కాగితమును గొట్టముగాను, శంకువుగాను చుట్టవచ్చును. బంతిపై పరచి నొక్కినచో మాత్రము ముడుతలు పడును. చదునైన తలమును సాగదీయక గోళాకారముగా మార్చుట సాధ్యము కాదని జర్మను గణితవేత్త గౌస్ సిద్ధాంతము (1827) వలన తెలియుచున్నది. కాగితము మిక్కిలి కొద్దిగనే సాగును. రాగి బాగుగా సాగును. కావున రాగిరేకును మెత్తని పీటముపై ఉంచి చెంచా వీపుతో రుద్దినచో, నడుమ భాగము కొంచెము పలుచనై, ముడుత పడకయే దొన్నెవలె గుంటపడును.

లోహము ఏల గట్టిపడును?

లోహములో పరమాణువులు వరుసలు తీరి ఉండును. ఆ వరుసలు అక్కడక్కడ తప్పియుండును. ఇట్టి లోపములను 'డిస్లొకేషన్లు' అందురు. నేలపై పరచిన పెద్ద జంపఖానాను ఒక్కమారుగా లాగుట కష్టము. ఒక అంచున మడత లేపి, దానిని రెండవ అంచు వరకు నెట్టినచో జంపఖానా సులభముగా జరుగును. లోహము వంగుటయు ఇట్టిదే. పరమాణువుల పొర అంతయు ఒక్కమారే జారదు. వరుస తప్పిన చోటు మడతవలె ప్రాకిపోవును. ఈ భావమును 1934లో టేలర్, ఓరోవన్, పోలాన్యీ అనువారు వేరువేరుగా ప్రతిపాదించిరి. 1956లో కేంబ్రిడ్జిలో హిర్ష్, హార్న్, వేలన్ అనువారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఈ లోపములు కదలుటను చూడగలిగిరి. వారు పరీక్షించినది పలుచని అల్యూమినియపు రేకే!

వంచినకొలది ఈ లోపముల సంఖ్య పెరిగి, ఇరుకు సందులోని బండ్లవలె ఒకదానికొకటి అడ్డుపడును. అందుచేత లోహము గట్టిపడును, అటుపైన పగులును.

నిప్పు చేయు మేలు

గట్టిపడిన రాగిని మసక ఎరుపు కనబడునంత వరకు కాల్చినచో, పాత స్ఫటికముల స్థానమున లోపములు తక్కువగల క్రొత్త స్ఫటికములు పుట్టును. రాగి మరల మెత్తబడును. ఎర్రగా కాల్చిన ఉక్కును నీటిలో ముంచినచో గట్టిపడును గాని, రాగి అట్లు గట్టిపడదు. తెలంగాణములోని పెంబర్తి ఇత్తడి పనివంటి ఉబ్బెత్తు పనులలోను నిప్పు సాయము కావలసినదే. అల్యూమినియము మాత్రము 660 డిగ్రీల సెల్సియస్ వద్దనే, ఎరుపు తేలకుండగనే కరగును. కావున పలుచని అల్యూమినియపు రేకును కాల్చరాదు. వంటింటిలో వాడు అల్యూమినియపు రేకును కర్మాగారములోనే మెత్తబరచియుందురు.

పలుచదనపు ప్రయోజనము

రేకు వంగునపుడు వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము కుదించుకొనును. 0.1 మి.మీ. మందముగల రేకును 1 మి.మీ. వ్యాసార్ధముగల కడ్డీ చుట్టు వంచినచో వెలుపలి ముఖము నూటికి సుమారు 5 వంతులు సాగును. 1 మి.మీ. మందముగల రేకైనచో 33 వంతులు సాగవలసియుండును. కావున పలుచని రేకు పెక్కు వంపులకు ఓర్చుకొనును.

పూవు చేయు విధము

0.1 మి.మీ. రాగిరేకుపై ఐదు దళముల ఆకృతులు మూడు, ఒకదానికంటె ఒకటి చిన్నవిగా, గీసి కత్తిరించవలెను. అంచులు చేతిని కోయును. గరుకు కాగితముతో నునుపు చేయుట మరువరాదు. మడచిన వార్తాపత్రికలపై రేకునుంచి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఈనెలు గీయవలెను. ఈనెలు అందమునకే కాదు. రేకు వ్రేలాడక నిలుచుటకును తోడ్పడును. పిదప గుంటచేసి, చివరగా మొదలు దగ్గర ఒక్కమారే వంచవలెను. మూడింటి నడుమ రంధ్రము చేసి సన్నని తీగతో కూర్చి, ఆ తీగనే అట్టలో గ్రుచ్చి వెనుక మడచవలెను. పిండి జిగురు కాగితపు పోగులలోనికి ఇంకి పట్టుకొనును, లోహములోనికి ఇంకదు.

తరగతిలో ఒక పరీక్ష

ఒకే రాగితీగ నుండి సమానమైన ముక్కలు రెండు తీసికొనుడు. మొదటిదానిని విరుగువరకు ముందు వెనుకలకు వంచి, వంపులను లెక్కపెట్టుడు. రెండవదానిని అందులో సగము మారులు వంచి, ఉపాధ్యాయుని సమక్షమున పట్టకారుతో పట్టుకొని మంటలో ఎర్రబడునట్లు కాల్చి, చల్లారిన పిదప మరల వంచుడు. రెండు సంఖ్యలను పోల్చినచో, పూరేకును ఎప్పుడు వంచుట ఆపవలెనో విద్యార్థికి చేతిలోనే తెలియును.