కుబుసం ముట్టుకోని పిల్ల

మా ఇంట్లో మంచం కింద ఓ పాత ట్రంకుపెట్టె ఉంది. పండక్కి వచ్చిన చుట్టాల పిల్లలు అందులో బొమ్మలున్నాయనుకుని ఆశగా మూత తీస్తారు. తీసి కెవ్వుమంటారు. పైనే చుట్టచుట్టి ఉంటుంది జెర్రిపోతు కుబుసం. దాని కింద రెండు గిజిగాడి గూళ్లు, నాలుగు పట్టుగూళ్లు, బాతు ఈకలు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోసిన కుక్క అడుగు, పిల్లి అడుగు. "ఇదేం పిచ్చి వదినా, ఇంట్లో కుబుసం పెట్టుకుంటారా ఎవరైనా!" అని మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా అంటుంది. ఏం చెప్పను? బడిపిల్లలకు నేను చేసే వర్క్‌షాపు సామగ్రి అంతా ఆ పెట్టెలోనే ఉంది మరి.

నేను గుంటూరులో బీఎస్సీ జువాలజీ చదివాను. పెళ్లయ్యాక ఆ పుస్తకాలన్నీ అటకెక్కాయి. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లాక, 2017లో మావారు రిటైరయ్యాక, పగలంతా ఏం తోచేది కాదు. ప్రాథమిక పాఠశాలలో టీచరుగా చేసే నా స్నేహితురాలు ఒకరోజు "జంతువుల గురించి మా పిల్లలకేమైనా చెప్పరాదూ" అంది. సరే అన్నాను. 2018 జులైలో మొదటిసారి వెళ్లాను. బజార్లో కొన్న చార్టులు నాలుగు గోడకు తగిలించి, చేతిలో బెత్తమంత పుల్ల పట్టుకుని గంటసేపు ఉపన్యాసం దంచాను. చెప్పొద్దూ, ముందు వరసలో పిల్లాడు కూర్చునే నిద్రపోయాడు.

ఆ రోజు నన్ను గట్టెక్కించింది వెనక బెంచీలో గుసగుసలు. ఏంటా అని వెళ్లి చూస్తే ఓ పిల్లాడి చేతిలో అగ్గిపెట్టె. అందులో ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా మూడు ఆరుద్ర పురుగులు! తొలకరి పడగానే నేల మీదికి వచ్చే వాటిని మా చిన్నప్పుడు మేమూ అలాగే దాచుకునేవాళ్లం. చార్టులు వదిలేసి వాటిని ఓ తెల్లకాగితం మీద వదిలాను. "కాళ్లెన్నో లెక్కపెట్టండి చూద్దాం" అన్నాను. ఆరు అన్నాడొకడు, కాదు ఎనిమిది అంది ఇంకో పిల్ల. మళ్లీ లెక్క, మళ్లీ పోట్లాట. ఎనిమిదే. ఎనిమిది కాళ్లుంటే అది కీటకం కాదు, సాలీడుకు చుట్టం అని నేను చెప్పిన ఒక్క ముక్కా వాళ్లకు ఈనాటికీ గుర్తుంది. గంటసేపు చెప్పినదాంట్లో ఇంకేదీ లేదు. తర్వాత అందరం కలిసి వాటిని వేపచెట్టు కింద తడి మట్టిలో వదిలొచ్చాం.

అప్పట్నించి చార్టులు మానేశాను. పిల్లల చేతికి ఏదో ఒకటి ఇవ్వడమే నా పద్ధతి. గిజిగాడి గూడునే తీసుకోండి. పిట్టలు విడిచిపెట్టాక ఈతచెట్ల కింద రాలినవే ఏరుకొస్తాను. పిల్లలకు సన్నగా చీల్చిన గడ్డిపోచలిచ్చి "బొటనవేలు, చూపుడువేలు రెండే వాడాలి, అదే మీ ముక్కు. ఈ పుల్లకు ముడెయ్యండి" అంటాను. రెండు చేతులూ పెట్టబోయి నాలిక్కరుచుకుంటారు. ఒక్క ముడికి చెమటలు పడతాయి. అప్పుడు గూడు చేతికిస్తే దాన్ని చూసే చూపే మారిపోతుంది. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లాక ఆడపిట్ట వచ్చి లోపలా బయటా తనిఖీ చేస్తుంది. నచ్చితేనే కాపురం, లేకపోతే అంతే సంగతులు! ఈ మాట చెప్పినప్పుడు పిల్లలకంటే టీచరమ్మలే ఎక్కువ నవ్వుతారు.

అడుగులు పోయడం ఇంకా సరదా. బడి ఆవరణలో తడిమట్టి మీద కుక్క అడుగు చుట్టూ అట్టముక్కతో దడి కట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి పోసి, అరగంట ఆగి తీస్తే అచ్చు వస్తుంది. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి అడుగులో పడవు. నడిచేటప్పుడు పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. పులీ పిల్లి జాతిదే కాబట్టి దాని అడుగూ అంతే. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం మన నాగార్జునసాగర్-శ్రీశైలం అడవే అని చెప్పగానే "మా తాతగారి ఊరు అటువైపేనండీ" అని పదిమంది లేస్తారు.

బతికిన పామును తెచ్చి చూపించమని కొన్ని బడులవాళ్లు అడుగుతారు. కుదరదంటే చిన్నబుచ్చుకుంటారు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పామును పట్టడం, ఆడించడం నేరం. ఇంట్లో పంజరంలో రామచిలుకను పెంచుకోవడమూ నేరమేనని మనలో ఎంతమందికి తెలుసు? చట్టం మాట అటుంచి, నలభైమంది అరుపుల మధ్య ఆ మూగజీవి పడే బాధ ఆలోచించండి. అందుకే కుబుసంతో సరిపెడతాను. ఆ కుబుసమే నాకు బుద్ధి చెప్పింది.

2018 సెప్టెంబరులో అనుకుంటాను, అదే బడిలో నాలుగో తరగతి. నేను మంచి ఊపు మీదున్నాను. "పాములంటే భయమెందుకర్రా? అవి పగపట్టవు. పాలు వాటి ఆహారమే కాదు. ఎలుకల్ని తిని మన గింజలు కాపాడతాయి. మనకు నేస్తాలు" అంటూ కుబుసం ముందు వరసకు అందించాను. పిల్లలు మొదట భయపడి, తర్వాత చెంపలకు రాసుకుని మరీ చూశారు. జిగటగా ఉంటుందనుకున్నది పొడిగా, ఉల్లిపొరలా ఉందని ఆశ్చర్యపోయారు. కళ్ల దగ్గర గుండ్రటి పొర చూపించి, పాముకు కనురెప్పలుండవు, కంటి మీది పొర కూడా కుబుసంతోపాటే ఊడుతుందని చెబుతున్నాను. కుబుసం మూడో వరసకు వెళ్లింది. అక్కడ ఒక పిల్ల రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. "ముట్టుకో అమ్మా, ఏం చెయ్యదు" అన్నాను. లేచి బయటికి వెళ్లిపోయింది. పిల్లలంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు.

టీచరు నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది. "వాళ్ల నాన్న కిందటేడు పురుగు ముట్టి పోయాడండీ."

మన పల్లెల్లో పామును పేరు పెట్టి పిలవరు కదా, పురుగంటారు. నా నోట మాట రాలేదు. పామును నేస్తమన్నాను. ఏ పిల్ల ముందు అన్నానో తెలుసుకోలేదు.

మర్నాడు ఆ పిల్ల తల్లిని వెతుక్కుంటూ వెళ్లాను. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుందామె. కళ్లమ్మట ఘాటుకు నీళ్లు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ బయటికొచ్చింది. క్షమించమని అడుగుదామని వెళ్లిన నేను ఆమె చెప్పేది వింటూ నిలబడిపోయాను.

"వానాకాలం అమ్మా. పంచలో చాప మీద పడుకున్నాడు. రేత్రి రెండింటప్పుడు లేచి కడుపులో నొప్పన్నాడు. వాము నమిలించా. కాసేపటికి కళ్లు మూతలు పడతంటే నిద్దరనుకున్నా. తెల్లారేసరికి మాట పడిపోయింది. ఒంటి మీద గాటు లేదమ్మా, నెత్తురు లేదు. ఆసుపత్రిలో కట్లపాము అన్నారు. అప్పటికే అంతా అయిపోయింది. కడుపునొప్పికీ పురుక్కీ సంబంధం ఉంటదని మాకెవరు చెప్పారమ్మా?"

నా దగ్గర జవాబు లేదు. నాకు తెలుసు కదా! కట్లపాము రాత్రిపూట తిరుగుతుందని, కింద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుందని, కాటు నొప్పి దాదాపు తెలియదని, గాటు ఒక్కోసారి కనపడదని, కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, గొంతు దిగకపోవడం దాని విషం గుర్తులని కాలేజీలోనే చదివాను. గంటసేపు మాట్లాడిన నేను ఇందులో ఒక్కటీ ఆ పిల్లలకు చెప్పలేదు. అందమైన సంగతులన్నీ చెప్పి, ప్రాణం నిలబెట్టేది వదిలేశాను.

తర్వాత నెలలో హెచ్చెమ్ మేడం అనుమతి తీసుకుని మళ్లీ వెళ్లాను. ఈసారి పిల్లల తల్లుల్ని కూడా పిలవమన్నాను. నల్లతాడుకు జంటలు జంటలుగా తెల్లదారం చుట్టి కట్లపాములా తయారుచేశాను. తరగతి గదిలో చాప, దిండు, దుప్పటి పరిచి, కిటికీలు మూసి చీకటి చేసి, తాడు ఎక్కడో దాచాను. ఒక్కొక్కళ్లూ టార్చిలైటు, కర్ర తీసుకుని పక్క వెతికాకే పడుకోవాలి. ఇదీ ఆట. మొదటి నలుగురూ చాప దులిపి దర్జాగా పడుకున్నారు. తాడు దొరకలేదు. అప్పుడు ఆ పిల్ల లేచింది. ఎవరూ పిలవలేదు. నేరుగా వెళ్లి కర్రతో దిండును పక్కకు దొర్లించింది. తాడు అక్కడే ఉంది. "ముందు దిండు కింద చూడాల" అంది, నా వైపు చూడకుండా.

తల్లులు ఆ రోజు అడిగిన ప్రశ్నలకు మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టినా తెరిపి లేదు. మన దగ్గర ప్రాణాలు తీసే పాములు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. అందుకే పామును చంపి, పట్టి తీసుకెళ్లనక్కర్లేదు. ఆ వెతుకులాటలో ఇంకొకరు కాటు తింటారు. గాటు కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, బిగించి కట్టకూడదు. మంత్రం కోసం గంటలు పోగొట్టకూడదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసెయ్యాలి, వాపొస్తే రావు. కాటు పడ్డ కాలో చెయ్యో ఎముక విరిగినప్పటిలా కదలకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. మంచం లేని ఇల్లైతే దోమతెర అంచులు చాప కిందికి మడిచి పడుకున్నా ఎంతో రక్షణ. దోమలూ పోతాయి.

ఇదేదో ఒక్క ఊరి గొడవ అనుకోకండి. 2020లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది పోయారు. ఏడాదికి 58 వేలమంది! ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. 2030 నాటికి ఈ చావుల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ఓ ప్రణాళిక ప్రకటించింది. మంచిదే. కానీ రాత్రి రెండింటికి కడుపునొప్పన్న మనిషి పక్కన ఉండేది ఇల్లాలే కదా.

ఇంతా చెప్పి, పాములు మంచివని చెప్పడం మానేశావా అంటారేమో. మానలేదు. నాగులచవితికి పుట్టలో పాలుపోసే చేత్తోనే పెరట్లో జెర్రిపోతు కనిపిస్తే కర్ర పట్టుకుంటాం మనం. దానికి విషమే లేదు. ఏది ఏదో తెలిస్తే భయపడాల్సిన దగ్గర భయపడతారు, మిగతా చోట వదిలేస్తారు. కట్లపాముకు వెన్ను మధ్యన ఆరుమూలల పెద్ద పొలుసులు ఓ వరసగా ఉంటాయి. జెర్రిపోతు కుబుసంలో అవుండవు. ఇప్పుడు కుబుసం తిప్పేముందు భూతద్దమిచ్చి ఆ వరస ఉందో లేదో వెతకమంటాను. ముట్టుకోమని మాత్రం ఎవర్నీ అడగను.

2019 జనవరిలో ఆ తరగతి పిల్లల్ని గుంటూరు దగ్గర ఉప్పలపాడు తీసుకెళ్లాం. ఊరి చెరువులో చెట్ల నిండా పక్షులే. చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పెడితే వాటి మీదా గూళ్లు కట్టుకున్నాయి. బడిలో బాతు ఈక మీద నీళ్లచుక్క వేసి జారిపోవడం చూశారు కాబట్టి, చెరువులో మునిగి లేచే పిట్టల్ని చూసి "అదిగో జారిపోయాయి నీళ్లు" అని ఒకటే గోల. పెయింటెడ్ స్టార్కుల గులాబీ రంగు ఈకలు చూసి రంగు వేశారా అని అడిగిందొక పిల్ల. అన్నిటికంటే వాళ్లను కట్టిపడేసింది గూడబాతులు. తల్లి నోరు తెరిస్తే పిల్ల దాని ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపలు తింటుంది. "మింగేస్తోంది టీచర్!" అని ఒకడు ఏడుపందుకున్నాడు కూడా.

ఆ పిల్ల నా పక్కనే గట్టు మీద నిలబడింది. ఆ రోజుకు నాతో బాగానే మాట్లాడుతోంది. చాలాసేపు చూసి, "మేత పెట్టేది వాళ్లమ్మా?" అంది.

"ఏమోనమ్మా. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. అమ్మా తెస్తుంది, నాన్నా తెస్తాడు. ఒకళ్లు గూటి దగ్గరుంటే ఇంకొకళ్లు వెళ్తారు."

"ఇప్పుడు రెండోది ఏదీ?"

"చేపలకెళ్లిందేమో."

"వచ్చిందాకా చూద్దాం" అంది. అవతల పిల్లలందరూ బస్సెక్కేశారు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. టీచరు చెయ్యి ఊపి పిలుస్తోంది. నేను ఆవిడకు ఆగమని సైగ చేసి అక్కడే నిలబడ్డాను. పావుగంట గడిచాక పొలాల మీదుగా ఓ గూడబాతు వచ్చి ఆ చెట్టు చుట్టూ తిరిగి వాలింది. అది ఆ గూటిదో, పక్క గూటిదో నాకు తెలియలేదు. "అదే" అంది ఆ పిల్ల. ఇద్దరం బస్సు దగ్గరకు పరుగెత్తాం.