గణితసూత్రముల ముద్రణలో ఖాళీల పాత్ర

ఖరగ్‌పూర్ రైలు పెంచిన పట్టణము. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే నాటినుండి అక్కడి కర్మాగారములలోను యార్డులలోను పనిచేయుటకై ఉత్తరాంధ్రమునుండి తెలుగువారు వలసపోయి తరతరములుగా స్థిరపడిరి. ఆ పట్టణమునందే, పూర్వము హిజ్లీ నిర్బంధ శిబిరముండిన చోట, 1951లో దేశమున మొట్టమొదటి ఐ.ఐ.టి. వెలసెను. ఒకవైపు పట్టాల కొలత, మఱియొకవైపు సూత్రముల చదువు. బ్రాడ్‌గేజి పట్టాల నడుమ 1,676 మిల్లీమీటర్ల ఖాళీ యుండును. ఆ ఖాళీలో ఏమియు లేదు. అది తప్పినచో మాత్రము బండి నడువదు. గణితసూత్రమునందలి ఖాళీయు ఇట్టిదే. దానిని కొలిచి పెట్టవలెనని ముద్రాపకులు ఏనాడో గ్రహించిరి. వ్రాయువారు మాత్రము అది అచ్చుకూటమువారి పనియని తలచి ఊరకుందురు. తెలుగున శాస్త్రవిషయములు వ్రాయువారికి ఈ యుపేక్ష చెల్లదు. ఏలయనగా మన లిపికిని మన వాక్యమునకును సంబంధించిన చిక్కులు కొన్ని ఇందు ఉన్నవి. వానిని పరభాషలవారు నిర్మించిన యంత్రములు తమంతట తాము తీర్పజాలవు.

గణితమున స్థానమే అర్థమనునది మనకు క్రొత్త విషయము కాదు. 5 అను అంకె తానున్న చోటునుబట్టి అయిదో, ఏబదియో, అయిదు వందలో అగుచున్నది. బఖ్షాలీ వ్రాతప్రతిలో భిన్నములను నడుమ గీత లేకుండ ఒకదాని క్రింద నొకటిగా వ్రాసిరి. పై క్రిందుల అమరికయే భాగహారమును చెప్పినది. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితగ్రంథమును పద్యములలో తెనిగించినపుడు మాత్రము ఈ ప్రసక్తి లేదు. అందు లెక్కయంతయు మాటలతోనే నడచును. చిహ్నములు బలపడిన తరువాతనే మాట చేయు పనిని చోటు చేయవలసి వచ్చినది. సమానచిహ్నము రాబర్ట్ రికార్డు గ్రంథమున 1557లో అచ్చుపడెను. ఘాతమును అక్షరమునకు పైన చిన్న అంకెగా వేయుట దెకార్తు 1637లో ప్రకటించిన గ్రంథముతో నిలదొక్కుకొనెను. ఆ చిన్న అంకె కొంచెము క్రిందికి జాఱినచో ఏమగునో చూడుడు: 2¹⁰ అనగా 1,024, జాఱినచో అది 210. అక్షరదోషమైనచో చదువరి ఊహించి సరిదిద్దుకొనును. ఇట్టిదానిని ఊహించుటకు ఆధారమే యుండదు.

సీసపు అక్షరముల కాలమున ఈ పని ఎంత కష్టమో అచ్చుకూటము చూచినవారికి తెలియును. టైపు ఒకే వరుసలో, ఒకే ఎత్తున కూర్చుటకు చేయబడినది. సూత్రమో రెండు మూడు అంతస్తులు కోరును. కంపోజిటరు చిన్న చిన్న సీసపు ముక్కలను పైనను క్రిందను ఎగదోసి, భిన్నపు గీతకు ఇత్తడి రేకు కోసి, అది కదలకుండ బిగింపవలెను. ఈ శ్రమను తప్పింపదలచి, సూత్రములను ఒకే వరుసలో వ్రాయు పద్ధతిని లైబ్నిజు కోరెను. ఆ దారిలోనే భిన్నమునకు వాలుగీతను డి మోర్గను 1845లో సూచింపగా, స్టోక్సు 1880లో తన గ్రంథములందు వాడెను. అచ్చువారి బాధ తగ్గినది. చదువరి బాధ మొదలైనది. 1/2క అని వ్రాసినచో అది సగము క యగునా, 2క చేత భాగింపబడిన ఒకటి యగునా? క విలువ 4 అనుకొన్నచో మొదటి విధమున 2, రెండవ విధమున 1/8. చిహ్నములన్నియు సరిగానే యున్నవి, పోయినది అమరిక.

టైపురైటర్ల కాలమున పరిశోధకులు వ్యాసమును టైపు చేయించి, సూత్రములకు చోటు విడిచి, తరువాత సిరాతో చేతివ్రాతగా నింపుకొనుట వాడుక. ఈ స్థితిని మార్చినవాడు అమెరికా గణితజ్ఞుడు డొనాల్డ్ క్నూత్. తన గ్రంథముయొక్క క్రొత్త కూర్పునకు వచ్చిన ప్రూఫులు నచ్చక, 1977లో ఆయన స్వయముగా ముద్రణయంత్రాంగమును రచింప బూనెను. అదియే ‘టెక్’. దానిమీద లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన ‘లేటెక్’ నేడు ప్రపంచమంతట గణితము వ్రాయువారికి అలవాటైన పనిముట్టు. క్నూత్ చేసిన ముఖ్యమైన పని, నిపుణుడైన కంపోజిటరు చేతిలో నుండిన మెలకువలను లెక్కలుగా మార్చుట.

ఆ లెక్క ఇట్టిది. టైపు కొలతలో ‘క్వాడ్’ అనుదానిని 18 పాళ్లు చేసినచో, 3 పాళ్లది సన్నని ఖాళీ, 4 పాళ్లది నడిమి ఖాళీ, 5 పాళ్లది పెద్ద ఖాళీ. ‘క + చ = ట’ అను సూత్రమున కూడికగుర్తుకు ఇరువైపుల నడిమి ఖాళీ, సమానచిహ్నమునకు ఇరువైపుల పెద్ద ఖాళీ పడును. కావున కన్ను ముందుగా సమానచిహ్నమువద్ద ఆగి, సూత్రమును రెండు పక్షములుగా చూచి, పిదప కూడికను చూచును. వాక్యమున పెద్ద విరామమునకును చిన్న విరామమునకును గల భేదమువంటిదే ఇది. ‘క − చ’ లో తీసివేతగుర్తు ఇద్దరి నడుమ నిలుచును. ‘క = −చ’ లో అదే గుర్తు ఋణత్వమును చెప్పుచున్నది గనుక చ కు అంటియుండవలెను. గీత ఒకటే; ఖాళీ దాని అర్థమును నిర్ణయించుచున్నది. ‘సైన్ క’ వంటి ప్రమేయనామమునకు తరువాత సన్నని ఖాళీ చాలును. ఘాతస్థానమున చిన్నవిగా వచ్చు సూత్రములలో నడిమి, పెద్ద ఖాళీలను తీసివేయుదురు. లేనిచో ఆ చిన్న అక్షరములు చెల్లాచెదరుగా కనిపించును.

ఇంతవరకు ఏ భాషకైనను సమానమే. తెలుగునకు వచ్చుసరికి కథ మాఱును. అచ్చుకూటములవారు సాధారణముగా చెప్పు చిక్కు వత్తులది. మన పంక్తిలో అక్షరమునకు పైన గుడియో, క్రింద వత్తో యుండును. వచనము నడుమ భిన్నమును నిలువుగా వేసినచో దాని లవము పై పంక్తిలోని వత్తులను, హారము క్రింది పంక్తిలోని గుళ్లను ఒరయును. పంక్తుల నడుమ ఎడము పెంచుటయో, సూత్రమును వేఱు పంక్తిలో నిలుపుటయో తప్ప దీనికి మందు లేదు. కాని ఇది కంటికి తోచు దోషము గనుక అంత ప్రమాదకరము కాదు. ప్రమాదము కంటికి తోచని చోట్ల నున్నది.

నిష్పత్తిగుర్తును చూడుడు. ‘పాలు : నీరు’ అని ఇరువైపుల ఎడమిచ్చినచో నిష్పత్తి. ‘పాలు:నీరు’ అని అంటించినచో విసర్గ. మనవారు విసర్గకు బదులు ఈ రెండు చుక్కలనే టైపు చేయుటకు అలవాటుపడినారు గనుక భ్రాంతి మఱింత సులభము. తెలుగు అంకెలలోని సున్నయు పూర్ణానుస్వారమును రూపమున ఇంచుమించు ఒకటే. అక్షరమునకు ప్రక్కన అంటినచో అంకె కాస్త అక్షరమై పోవును. పాదస్థానమున చిన్నగా వేసిన గుర్తు వత్తు ఉండవలసిన చోటికే వచ్చును. అవ్యక్తములకు రోమను లిపిని వాడు మన పాఠ్యపుస్తకముల రివాజు ఈ బాధలలో కొన్నింటిని తప్పించినది. దాని మేలు ఒప్పుకొనవలసినదే.

తప్పింపలేనిది విభక్తి. ఆంగ్లమున సూత్రము వాక్యములో నామమువలె ఒంటరిగా నిలువగలదు. తెలుగున దానికి ను, కు, తో, లో తగిలింపనిదే వాక్యము సాగదు. క అను రాశికి ‘ను’ చేర్చినచో ‘కను’ అగును. అది కన్నో, కనుటయో, గణితమో చదువరికి తెలియదు. వేఱు పంక్తిలో నిలిపిన పెద్ద సూత్రమునకు తరువాతి పంక్తి ‘ను సాధింపుము’ అని మొదలగుట చూచినపుడు, బండి విడిచిన పెట్టె యార్డులో ఒంటరిగా నిలిచినట్లుండును. ఇది యంత్రము తీర్చునది కాదు, రచయిత తీర్పవలసినది. ‘క + చ = ట అను సమీకరణమును సాధింపుము’ అన్నచో ఆ విభక్తిని ఒక తెలుగు మాట మోయును. ‘అను’ శబ్దము ఇంత అక్కఱకు వచ్చునని వ్యాకరణము చదివినపుడు తోచదు. క్రియ చివరకు వచ్చు భాషలో సూత్రము వాక్యమధ్యమున ఎంతసేపు నిలువగలదో వ్రాయువాడే తూచుకొనవలెను.

సూత్రమున తెలుగు మాటలనే వాడినపుడు ఇంకొక మెలకువ కావలెను. ‘సగటు వేగము = మొత్తము దూరము / మొత్తము కాలము’ అని వ్రాయుదుము. టెక్ గణితభాగమునందు మనము టైపు చేసిన ఖాళీలను లెక్కచేయదు. తన నియమముల ప్రకారమే ఎడము నిచ్చును. కావున ఈ మాటలను వచనభాగములని వేఱుగా గుర్తింపనిచో మాటల నడిమి ఎడము పోవును, గుణితములు విడిపోవును, ఒక్కొక్కప్పుడు అక్షరములే మాయమగును. పొడుగు సూత్రమును వచనమున విఱువవలసివచ్చినపుడు సమానచిహ్నము తరువాతనో, కూడిక తీసివేతల తరువాతనో విఱుతురు. వేఱు పంక్తులలో నిలిపినపుడు గుర్తును క్రింది పంక్తికి తెచ్చి మొదట పెట్టుదురు. మొదటి పద్ధతిలో పంక్తి చివర మిగిలిన తీసివేతగుర్తు మాట విఱుగుటకు పెట్టిన గీటువలె కనిపించును గనుక, తెలుగున వీలైనంతవరకు రెండవ పద్ధతియే మేలు.

ఇది పండితుల వేడుక అనుకొనరాదు. సాంకేతిక విద్యాలయముల ప్రవేశమునకై జరుగు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2021లో తెలుగుతో కూడ 13 భాషలలో నడపిరి. తెలుగు ప్రశ్నపత్రమును ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములకు పరిమితము చేసినందున, ఐ.ఐ.టి. గోడకు ఇవతల నుండు ఖరగ్‌పూర్ తెలుగు బాలునికి తన ఊరిలో అది అందలేదు. అందినవారికైనను, అనువాదమున సందిగ్ధము తోచినచో ఆంగ్లపాఠమే ప్రమాణమను నియమము కలదు. అనగా తెలుగు పాఠమున రెండు చుక్కలు విసర్గగా మాఱినను, ఘాతము జాఱినను, ఆ నష్టము తెలుగున చదివినవానిదే. మొత్తము సూత్రమును వ్రాతప్రతిలోనే స్పష్టముగా గీచి, ఏది పైకి, ఏది క్రిందికి, ఎక్కడ ఎడము, విభక్తి ఏ మాటకు తగులునో గుర్తుపెట్టి పంపిన రచయిత, ప్రూఫు వచ్చినపుడు మొదట అక్షరములను గాక ఖాళీలను చూడవలెను.