మీకు తెలుసా? ఆట మానేసినా ఆగని జీతం

బేస్‌బాల్ ఆటగాడు బాబీ బోనియా చివరి మ్యాచ్ ఆడింది 2001లో. అయినా ఏటా జూలై 1న న్యూయార్క్ మెట్స్ జట్టు ఆయనకు 11,93,248 డాలర్లు చెల్లిస్తోంది. 2011లో మొదలైన ఈ చెల్లింపు 2035 దాకా సాగుతుంది!

2000 సీజన్‌కు ముందు మెట్స్ ఆయన్ని వదులుకోవాలనుకుంది. ఇవ్వాల్సిన బాకీ 59 లక్షల డాలర్లు. అప్పటికప్పుడు ఇవ్వకుండా, 8 శాతం వడ్డీతో పదకొండేళ్ల తర్వాత నుంచి 25 వాయిదాల్లో ఇస్తామని ఒప్పందం చేసుకుంది. అసలు కాస్తా దాదాపు 3 కోట్ల డాలర్లయింది.

దీన్ని మెట్స్ తెలివితక్కువతనమని అభిమానులు ఏటా ఎగతాళి చేస్తారు. నాకైతే అది అన్యాయమనిపిస్తుంది. బాకీ వాయిదా పడటంతో ఆ డబ్బు అప్పట్లో జట్టును బలపరచుకోవడానికి మిగిలింది. అదే చలికాలం విరామంలో ఆటగాళ్ల మార్పిడి ద్వారా హ్యూస్టన్ నుంచి పిచర్ మైక్ హ్యాంప్టన్‌ను మెట్స్ తెచ్చుకుంది. 2000లో నేషనల్ లీగ్ తుది సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు ఆయనే. జట్టు వరల్డ్ సిరీస్ చేరింది, అక్కడ యాంకీస్ చేతిలో ఓడింది.

హ్యాంప్టన్ ఒక్క సీజనే ఉన్నాడు. ఒప్పందం ముగిసి, స్వేచ్ఛగా జట్టును ఎంచుకునే వీలు రాగానే 8 ఏళ్లకు 12.1 కోట్ల డాలర్లకు కొలరాడో వెళ్లిపోయాడు. ఆయన్ని కోల్పోయినందుకు పరిహారంగా, 2001 డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాణ్ని ఎంచుకునే అదనపు అవకాశం మెట్స్‌కు దక్కింది. దానితో తీసుకున్నది డేవిడ్ రైట్‌ను. తర్వాత జట్టుకు కెప్టెనై, కెరీర్ మొత్తం మెట్స్‌కే ఆడిన రైట్‌ను!