గేదెకు వేసే మందు, మనకు వేసే మందు

పిల్లకు నెమ్ము చేస్తుంది. కాలి పుండు చీము పడుతుంది. డాక్టరు యాంటీబయోటిక్ మందు రాస్తారు. ఆ మందు లోపలి క్రిములను చంపుతుంది. మనిషి కోలుకుంటాడు.

మరి గేదెకు పొదుగు వాపు వస్తే? పశువుల డాక్టరు వేసేది కూడా యాంటీబయోటిక్ మందే. కోళ్లకు, చేపలకు వాడేదీ ఆ జాతి మందే. సీసా వేరు. పేరు వేరు. లోపలి మందు చాలాసార్లు ఒకటే.

అందుకే పశువులకు ఈ మందు ఇష్టం వచ్చినట్టు వాడితే ఆ నష్టం కొట్టంలోనే ఆగదు. మన ఇంట్లోకి వస్తుంది. ఎట్లా వస్తుందో చూద్దాం.

క్రిములు మొండికేస్తాయి

పత్తి రైతును అడగండి. మొదట్లో మందు కొడితే శనగపచ్చ పురుగు చచ్చేది. అదే మందు పదే పదే కొట్టారు. బలం లేని పురుగులు చచ్చాయి. తట్టుకున్నవి మిగిలాయి. వాటి పిల్లలే చేనంతా నిండాయి. తర్వాత ఎంత కొట్టినా పురుగు చావలేదు. డబ్బు మాత్రం పోయింది.

క్రిముల సంగతీ అంతే. అవసరం లేకుండా మందు వాడినా, చాలీచాలని మందు వాడినా మొండి క్రిములు మిగులుతాయి. అవి పెరుగుతాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మొండి క్రిమి తన మొండితనాన్ని పక్క క్రిమికి కూడా ఇవ్వగలదు. ఈ క్రిములు పెంటతో పొలానికి పోతాయి. నీళ్లతో చెరువుకు పోతాయి. పచ్చి మాంసం కోసిన చేతులతో వంటింటికి వస్తాయి. అప్పుడు మన పిల్లకు జబ్బు చేస్తే మామూలు మందు పనిచేయదు.

కొలిస్టిన్ సంగతి

కొలిస్టిన్ అని ఒక మందు ఉంది. మిగతా మందులు పనిచేయనప్పుడు పెద్దాసుపత్రుల్లో చివరగా దాన్ని వాడతారు. ఇంత విలువైన మందును కోళ్ల దాణాలో కూడా కలిపేవారు. కోడికి జబ్బు చేసి కాదు. త్వరగా బరువు పెరగాలని!

2015లో చైనా శాస్త్రజ్ఞులు ఒక సంగతి బయటపెట్టారు. కొలిస్టిన్‌కు లొంగని క్రిములు పందుల్లో కనిపించాయి. అంగట్లో అమ్మే మాంసంలో కనిపించాయి. ఆసుపత్రిలో ఉన్న మనుషుల్లో కూడా కనిపించాయి. ఆ మొండితనం ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి సులువుగా పాకుతోంది. చైనా ప్రభుత్వం 2017లో ఈ మందును దాణాలో కలపడం ఆపించింది. మన ప్రభుత్వం 2019 జూలైలో ఇంకా గట్టి ఉత్తర్వు ఇచ్చింది. కోళ్లకు, చేపలకు, రొయ్యలకు, పాలూ మాంసమూ ఇచ్చే పశువులకు కొలిస్టిన్ తయారు చేయకూడదు. అమ్మకూడదు. దాణాలో కలపకూడదు.

మన ప్రభుత్వం ఇంకా ఏం చేసింది?

2012లో ఒక నియమం వచ్చింది. పశువులకు మందు వేశాక ఎన్ని రోజుల వరకు వాటి పాలు, గుడ్లు, మాంసం వాడకూడదో సీసా మీద రాయాలి. కంపెనీ తన మందుకు ఆ రోజులు తేల్చకపోతే, పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు ఆగాలి. మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి. బాయిలర్ కోడి బతికేదే ఆరు వారాలు. 28 రోజులంటే నాలుగు వారాలు! అమ్మే ముందు మందు వేయడం ఎంత తప్పో దీన్ని బట్టి తెలుస్తుంది.

2017లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ ఒక ప్రణాళిక తెచ్చింది. మనుషుల ఆసుపత్రి, పశువుల ఆసుపత్రి, ఆహార శాఖ కలిసి పనిచేయాలన్నది దాని సారం.

2025 మార్చిలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను తిండి కోసం పెంచే పశువులకు, కోళ్లకు, చేపలకు, రొయ్యలకు వాడేందుకు తయారు చేయడం, అమ్మడం నిషేధించారు. మన కోస్తా రొయ్యల రైతులకు ఈ పేర్లు కొత్త కాదు. ఈ మందుల జాడ దొరికితే పరదేశాల వాళ్లు సరుకు వెనక్కి పంపేస్తారు.

పది రోజుల లెక్క

నియమం కాగితం మీద ఉంది. కొట్టంలో ఎట్లా ఉంటుంది? ఒక లెక్క వేద్దాం.

గేదె రోజుకు 4 లీటర్ల పాలు ఇస్తుంది. పొదుగు వాపుకు 3 రోజులు సూది వేశారు. తర్వాత 7 రోజులు ఆగాలి. మొత్తం 10 రోజులు. 40 లీటర్ల పాలు. లీటరు 50 రూపాయలు అనుకుంటే 2,000 రూపాయలు.

"అన్ని డబ్బులు పోతే ఇల్లెట్లా గడుస్తుంది?" అని మీరు అడుగుతారు. నిజమే. పేద ఇంటికి ఇది చిన్న మాట కాదు. కానీ ఆ పాలు కాచినంత మాత్రాన అందులోని మందు పోదు. మందు ఉన్న పాలు సరిగా తోడుకోకపోవచ్చు కూడా. తోడుకు కావలసిన మంచి క్రిములను కూడా ఆ మందు చంపేస్తుంది. ఆ పాలే చంటిపిల్లలు తాగితే? ఆలోచించండి.

అందుకే జబ్బు రాకుండా చూసుకోవడమే లాభం. పాలు పితికే ముందు చేతులు, పొదుగు కడగాలి. తుడవాలి. పితికిన వెంటనే గేదెను పడుకోనివ్వకూడదు. కాసింత మేత వేస్తే నిలబడి తింటుంది. ఆలోగా చన్నుల రంధ్రాలు మూసుకుంటాయి. కొట్టంలో బురద లేకుండా చూడాలి.

టీకాలు మరవకూడదు. గాలికుంటు వ్యాధి వైరస్ వల్ల వస్తుంది. వైరస్‌ను యాంటీబయోటిక్ చంపలేదు. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులూ అంతే. వీటికి టీకాయే రక్ష. పశువులకు గాలికుంటు టీకా ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. ఊరికి టీకాల వాళ్లు వచ్చినప్పుడు పశువులను మేతకు తోలేయకండి.

మనం చేయగలిగింది

డాక్టరు చూడకుండా, చీటీ రాయకుండా యాంటీబయోటిక్ కొనవద్దు. పోయినసారి మిగిలిన మందు వేయవద్దు. రెండు రోజులకే నయమైనట్టు కనిపించినా డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వేయించండి. దాణా కొనేటప్పుడు అందులో మందు కలిసిందా అని అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం, సీసా మీది రాత చూడండి. అది చాలా వరకు ఇంగ్లీషులో ఉంటుంది. దానికి జంకవద్దు. అంకెలు మీకు వచ్చు. "పాలకు ఎన్ని రోజులు ఆగాలి? మాంసానికి ఎన్ని రోజులు?" అని డాక్టరునో గోపాలమిత్రనో అడగండి. బడికి పోయే పిల్ల చేత చదివించండి. సూది వేసిన తేదీ గోడ మీద బొగ్గుతో రాసుకోండి. చివరి సూది నుంచి రోజులు లెక్కపెట్టండి.

ప్రభుత్వం సీసా మీద రాయించగలదు. ఆ రోజులు ఆగవలసింది మాత్రం మనమే.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్లో పశువుల మందులు ఎక్కడ కొంటున్నారు? చీటీ అడుగుతున్నారా?
2. మీ గేదె రోజుకు 6 లీటర్లు ఇస్తుంది. 3 రోజులు మందు వేసి 7 రోజులు ఆగితే ఎన్ని లీటర్ల పాలు ఆపాలి?
3. మందు సీసా ఒకటి కేంద్రానికి తెండి. దాని మీది అంకెలు, తేదీలు అందరూ కలిసి చదవండి.