తలకు సరిపడే హెల్మెట్



చెన్నై నుంచి బెంగుళూరు వచ్చే రహదారి మీద, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మోటారు పందేల ట్రాక్ ఉంది. 1990లో అది మొదలు కాకముందు ఈ పందేలు షోలవరంలో, యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద జరిగేవి. ఈ సరదా ఉన్న కుర్రవాళ్లు మన సరిహద్దు ఊళ్లలోనూ ఉంటారు. ఇంజను గురించి గంటల తరబడి మాట్లాడే కుర్రవాడు హెల్మెట్‌ను మాత్రం రంగు చూసి కొంటాడు. పెద్దవాళ్లేమో "ఎదిగే పిల్లవాడు, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అంటారు. బడి చొక్కాకు ఆ లెక్క సరే. హెల్మెట్‌కు మాత్రం పనికిరాదు. ఎందుకో చూద్దాం.

హెల్మెట్‌లో పైన గట్టి పెంకు, దాని లోపల థర్మోకోల్ లాంటి నురుగు పొర, అన్నిటికీ లోపల మెత్తని గుడ్డ దిండ్లు ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు ఆ నురుగు నలిగి, దెబ్బ తీవ్రతను తాను మింగుతుంది. హెల్మెట్ వదులుగా ఉంటే దెబ్బ తగిలే క్షణానికి అది పక్కకు జరిగిపోవచ్చు, ఊడిపోనూ వచ్చు. అప్పుడు ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం లేదు.

కొనేముందు దర్జీ వాడే టేపుతో తల కొలవండి. కనుబొమ్మలకు అంగుళం పైన, చెవుల మీదుగా, వెనుక ఉబ్బెత్తు భాగం చుట్టూ టేపు తిప్పాలి. రెండు మూడుసార్లు కొలిచి, పెద్ద కొలతను తీసుకోండి. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీ మీడియంతో సమానం కాదు కాబట్టి, సెంటీమీటర్ల పట్టిక చూడాలి.

ఇక దుకాణంలో నాలుగు పరీక్షలు చేయండి. మొదటిది: హెల్మెట్ పెట్టుకుంటే బుగ్గలు గట్టిగా నొక్కుకోవాలి, నుదుటి దగ్గర వేలు దూరకూడదు. రెండవది: తల కదపకుండా హెల్మెట్‌ను చేతులతో అటూ ఇటూ తిప్పితే, దానితోపాటు బుగ్గల చర్మం, నుదుటి చర్మం కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది పెద్దది. మూడవది: గడ్డం కింద పట్టీ బిగించి, వెనుక అంచును పట్టుకుని పైకి, ముందుకు లాగమనండి. ఊడి వస్తే పక్కన పెట్టేయండి. నాలుగవది: పావుగంట సేపు అలాగే ఉంచుకోండి. అంతటా సమంగా బిగుతు ఉంటే మంచిదే. ఒక్కచోటే నొప్పి పుట్టి, తీశాక నుదుట ఎర్రని మచ్చ కనిపిస్తే, ఆ ఆకారం మీ తలకు కుదరలేదని అర్థం. పెద్ద సైజు అడగకండి, వేరే నమూనా అడగండి. కొత్తలో కాస్త బిగుతుగానే ఉండాలి. వాడకంలో గుడ్డ దిండ్లు కొంత అణుగుతాయి.

కళ్లజోడు పెట్టుకునేవారు దానితోనే చూసుకోవాలి. కారు పందేలవారు లోపల మంట అంటని ముసుగు వేసుకుంటారు గనుక, ఆ ముసుగుతోనే సైజు చూడాలి.

ముద్రలు కూడా చూడండి. 1956లో అమెరికాలో పీట్ స్నెల్ అనే పందెగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పెట్టుకున్న హెల్మెట్ అతణ్ణి కాపాడలేదు. మరుసటి ఏడు అతని పేరిట ఏర్పడిన సంస్థ హెల్మెట్లను పరీక్షించి ముద్ర వేస్తుంది. ఎస్.ఏ. అక్షరాలున్నవి కారు పందేలకు. వాటికి మంట పరీక్ష కూడా ఉంటుంది. ఎం అక్షరం ఉన్నవి మోటారు సైకిళ్లకు. వాటికి ఆ పరీక్ష లేదు. రోడ్డు మీద మన దేశంలో ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. పందేనికి ఏ ముద్ర ఒప్పుకుంటారో నిర్వాహకులను ముందే అడిగి కొనండి.

చివరగా ఒక మాట. అన్న చదివిన పుస్తకాలు తమ్ముడికి ఇవ్వవచ్చు గాని, అన్న వాడిన హెల్మెట్ ఇవ్వకండి. ఒకసారి నలిగిన నురుగు మళ్లీ లేవదు, పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. గట్టి దెబ్బ తగిలినదాన్ని వెంటనే మార్చాలి. దెబ్బ తగలకపోయినా అయిదేళ్లకు మార్చమని స్నెల్ సంస్థ సలహా. ఈసారి మీ పిల్లవాడు హెల్మెట్ కొనడానికి బయలుదేరితే, మీరూ వెంట వెళ్లి ఆ వెనుక అంచు పట్టుకుని ఒకసారి లాగి చూడండి.